జేబు పిస్టల్ ఎందుకు మొరాయిస్తుంది?

పెద్ద పిస్టల్‌ను కుదిస్తే చిన్న పిస్టల్ అయిపోతుందనుకుంటాం. దాన్ని నడిపించే విసురు మాత్రం ఆ లెక్కన కుదించుకోదు. చిక్కంతా అక్కడే.

పేల్చగానే పిస్టల్ పైభాగంలోని స్లైడ్ వెనక్కి జరిగి, ఖాళీ తొడుగును బయటికి విసిరేస్తుంది. స్ప్రింగ్ స్లైడ్‌ను మళ్లీ ముందుకు నెడుతుంది. పోతూ పోతూ అది మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను ఛాంబర్‌లోకి తోస్తుంది. ఇదంతా రెప్పపాటులో. జేబు పిస్టల్‌లో స్లైడ్ తేలిక, అది జరిగే దూరం తక్కువ, స్ప్రింగ్ బిరుసు. ఆ కాస్త వ్యవధిలో మ్యాగజైన్ తర్వాతి తూటాను పైకి అందించలేకపోతే జామ్. ఖాళీ తొడుగు సగంలో ఇరుక్కుంటే జామ్. పిడి రెండు వేళ్లకే సరిపోతుంది కాబట్టి మణికట్టు కాస్త వదులైతే పిస్టల్ మొత్తం వెనక్కి ఊగుతుంది, స్లైడ్ పూర్తిగా జరగదు. మళ్లీ జామ్. ఇక జేబులో చేరే దుమ్ము, నూలుపోగుల సంగతి సరేసరి.

అమెరికాలో 1968 తుపాకుల చట్టం ఇలాంటి చవక చిన్న పిస్టళ్ల దిగుమతికి అడ్డుకట్ట వేసింది. స్వదేశంలో చేసేవాటికి ఆ షరతులు పెట్టలేదు. ఆ సందులోనే లాస్ ఏంజెలెస్ పరిసరాల్లో జింక్ మిశ్రమాన్ని అచ్చుపోసి పిస్టళ్లు చేసే కంపెనీలు పుట్టుకొచ్చాయి. బ్రైకో అందులో ఒకటి.

ఇక పిస్టల్‌ను ఖాళీ చేయడం సంగతి. మ్యాగజైన్ తీసేస్తే ఖాళీ అయినట్టు కాదు. ఛాంబర్‌లో ఒక తూటా ఉండిపోవచ్చు. స్లైడ్ వెనక్కి లాగి దాన్ని తీయాలి. బ్రైకో మోడల్ 38లో సేఫ్టీ, అంటే పేలకుండా ఆపే మీట, వేసి ఉంటే స్లైడ్ కదలదు. అంటే, పేలకుండా చేద్దామనుకున్నవాడు ముందు పేలడానికి సిద్ధం చేయాలి! జామ్ సమస్యను సరిచేయకుండా కప్పిపుచ్చడానికే సేఫ్టీని ఇలా మార్చారని, ఈ పిస్టల్ వల్ల గాయపడిన ఒక బాబు తరఫు లాయర్లు తర్వాత కోర్టులో వాదించారు.

1994లో కాలిఫోర్నియాలో, పిల్లలను చూసుకుంటున్న 20 ఏళ్ల యువకుడు ఈ పిస్టల్‌ను ఖాళీ చేయబోయాడు. సేఫ్టీ తీశాడు, పిస్టల్ పేలింది. ఎదురుగా ఉన్న ఏడేళ్ల బాబుకు మెడ కింది భాగమంతా చచ్చుబడింది.

లోపం బయటపడితే ఏం చేయాలో తెలియని విద్యేమీ కాదు. 2008లో వచ్చిన రూగర్ కంపెనీ జేబు పిస్టల్ ఎల్‌సీపీ కింద పడితే పేలే ప్రమాదం ఉందని తేలితే, కంపెనీ అదే ఏడాది వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసింది. బ్రైకో కథ అలా సాగలేదు. ఆ బాబు కేసులో 2003లో జ్యూరీ డిజైన్‌ను తప్పుపట్టి, కంపెనీ వైపువారి వాటాగా సుమారు 2.4 కోట్ల డాలర్లు కట్టమంది. వెంటనే దివాలా పిటిషన్.

2004లో కంపెనీ ఆస్తులు వేలానికి వచ్చాయి. అప్పటికి పదిహేడేళ్లవాడైన ఆ బాధితుడు, మిగిలిన పిస్టళ్లను కరిగించేద్దామని విరాళాలు కూడగట్టి 5,05,000 డాలర్ల దాకా పాడాడు. బ్రైకోలోనే పనిచేసిన ఒకతను 5,10,000కు పాట దక్కించుకున్నాడు. కొత్త పేరుతో పిస్టళ్ల తయారీ మళ్లీ మొదలైంది.