ఆంగ్లమున కోరికయు విచారమును తెలుపు రీతి

విద్యార్థులు వ్రాయు ఆంగ్లవ్యాసములను దిద్దునపుడు మాకు మాటిమాటికి కనబడు దోషములలో ‘విష్’ అను క్రియను గూర్చినది యొకటి. అక్షరదోషము చదువువానిని క్షణకాలము ఆపును, అంతియే. ఈ దోషమన్ననో, వ్రాసినవాని యుద్దేశమునే మార్చివేయును. కావున దీనినిగూర్చి కొన్ని మాటలు వ్రాయుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట నొక బాలుడు తన యింటినిగూర్చిన వ్యాసమున ‘ఐ విష్ మై ఫాదర్ ఈజ్ ఎలైవ్’ అని వ్రాసెను. అతని తండ్రి కొన్ని నెలలకు ముందే మరణించెనని మే మెఱుగుదుము. ‘ఈజ్’ కొట్టివేసి ‘వర్’ అని వ్రాయబోయిన మా చేయి నిలిచిపోయినది. తప్పును దిద్దక విడుచుట ఉపాధ్యాయధర్మము గాదు. అట్టి వాక్యమును కారణము చెప్పక దిద్దుటయు తగదు. కావున బాలుని పిలిచి ప్రక్కను కూర్చుండబెట్టుకొని చెప్పిన సంగతులనే యిచ్చట వ్రాయుచున్నాము.

ఈ తప్పునకు మూలము మన భాషలోనే కలదు. ‘రేపు వాన కురిసిన బాగుండును’ అందుము. ‘నాకు రెక్కలుండిన బాగుండును’ అనియు నందుము. మొదటిది జరుగవచ్చును, రెండవది యెన్నటికిని జరుగదు. అయినను రెంటికి నొకటే రూపము. చిన్నయసూరిగారు 1858వ సంవత్సరపు బాలవ్యాకరణమున చేదర్థకమని చెప్పిన రూపమే రెండు చోట్లను నిలిచినది. భేదమును వినువాడు సందర్భమునుబట్టి గ్రహించును.

ఆంగ్లమట్లు గాదు. కోరిన సంగతి జరుగదగినదా, కాదా యని యది ముందే యడుగును. జరుగదగినదైనచో ‘హోప్’ అనవలయును: ‘ఐ హోప్ ఇట్ విల్ రెయిన్ టుమారో’. లేనిదానిని, కానిదానిని కోరినచో ‘విష్’ అనవలయును: ‘ఐ విష్ ఐ హ్యాడ్ వింగ్స్’. ‘ఐ విష్ యూ సక్సెస్’ అని దీవించునపుడును, ‘ఐ విష్ టు సీ ది హెడ్‌మాస్టర్’ అని యిచ్ఛ తెలుపునపుడును ఈ నియమము లేదు. ‘విష్’ తరువాత కర్తయు క్రియయుగల మఱియొక వాక్యము వచ్చినపుడే యిది వర్తించును.

‘రెక్కలు కోరుట యిప్పుడు గదా, హ్యాడ్ అను భూతకాలరూప మేల?’ యని కొంద ఱడుగుదురు. డెన్మార్కు దేశపు పండితుడు ఓటో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన ‘ది ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’ అను గ్రంథమున నిట్టి రూపములు కాలమును గాక, నిజము కానిదానిని తెలుపునని వివరించెను. క్రియ యొక యడుగు వెనుకకు వేయుట కాలములోనికి గాదు, నిజమునుండి దూరముగ పోవుట యని గ్రహించినచో తక్కినదంతయు సులభము.

ఇప్పటి స్థితిని గూర్చిన కోరికకు ఒక యడుగు చాలును: ‘ఐ విష్ ఐ న్యూ హిందీ’, అనగా నాకిప్పుడు హిందీ రాదు. ‘బి’ అను క్రియకు పురుష మేదైనను ‘వర్’ అని వ్రాయుట మేలు; సంభాషణలలో ‘వాజ్’ అనుటయు విందుము గాని, వ్రాతలో ‘వర్’ నిరాక్షేపము. గడచినదానిని గూర్చి విచారించునపుడు రెండడుగులు వేయవలయును: ‘ఐ విష్ ఐ హ్యాడ్ స్టడీడ్’. చదువలేదు, ఇక నా దినములు రావు. తెలుగున ‘చదివియుండిన బాగుండెడిది’ అనుట యిదియే. ‘ఐ షుడ్ హావ్ స్టడీడ్’ అన్నచో ‘చదివియుండవలసినది’ యని తన తప్పును తా నొప్పుకొనుట. మొదటిది దుఃఖము, రెండవది పశ్చాత్తాపము. ‘ఇఫ్ ఓన్లీ’ యనునది ‘ఐ విష్’ నడచిన దారినే నడచును. ఆవేదన మాత్ర మధికము.

ఇతరుల నడత మాఱవలెనని కోరునపుడు ‘వుడ్’ వచ్చును: ‘ఐ విష్ యూ వుడ్ లిజన్’. ఇందు విసుగు ధ్వనించును. కావున సెలవు కోరుచు ప్రధానోపాధ్యాయునికి వ్రాయు లేఖలో నిట్టి వాక్యము తగదు. వ్యాధిగ్రస్తురాలైన తల్లిగల మిత్రునికి ‘ఐ విష్ యువర్ మదర్ వుడ్ రికవర్’ అని వ్రాసినచో, ఆమె కోలుకొనునను నమ్మకము మనకు లేనట్లు తోచును. ఓదార్పదలచి దిగులు పుట్టించిన వార మగుదుము. అచ్చట ‘ఐ హోప్ యువర్ మదర్ విల్ రికవర్ సూన్’ అనియే వ్రాయవలయును.

‘రిగ్రెట్’ అను క్రియయందును జాగ్రత్త యవసరము. ‘ఐ రిగ్రెట్ టు సే’ యనగా అప్రియమైన సంగతి నిప్పుడు చెప్పబోవుచున్నానని. ‘ఐ రిగ్రెట్ సేయింగ్’ అనగా చెప్పినందుకు విచారించుచున్నానని. మొదటిది వార్తకు పీఠిక, రెండవది క్షమాపణకు తొలిమాట.

బాలుడు శ్రద్ధగా వినెను. పిమ్మట మెల్లగా, ‘మాస్టరుగారూ, వర్ అని వ్రాసినంతనే మా నాయన లేడని చదువువారికి తెలియునా?’ యని యడిగెను. ‘తెలియును, నాయనా. వేఱుగ చెప్పనక్కఱలేదు’ అంటిమి. అతడు కొంతసేపూరకుండి, తన కలముతో తానే ‘ఈజ్’ కొట్టివేసి, పైన ‘వర్’ అని వ్రాసికొనెను.

విద్యార్థులారా! ‘విష్’ అని వ్రాయుటకు ముందు, కోరుచున్నది యుండదగినదా, లేనిదా యని యొక్కసారి మిమ్ము మీరు ప్రశ్నించుకొనుడు. ఆ ప్రశ్నకు నిజముగ నుత్తర మిచ్చుకొన్నవారికి క్రియారూపము తప్పదు.