తిండే మందు.. ఇంటివాళ్లే అండ

‘ఆకలి లేదు, స్కూల్లో తినేశా’ అంటూ పిల్ల పళ్లెం ముందు నుంచి లేచిపోతుంటే ఏదో డైటింగ్ అనుకుంటాం. కొన్ని నెలలకు బట్టలు వదులవుతాయి. నెలసరి ఆగిపోతుంది. ఎండాకాలంలోనూ చలి అంటుంది. అంత చిక్కిపోయినా అద్దంలో తనకు తాను లావుగానే కనిపిస్తుంది. ఇది మొండితనం కాదు. అనొరెక్సియా నర్వోజా అనే జబ్బు. మానసిక సమస్యల్లో ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నవాటిలో ఇదొకటి. అబ్బాయిలకూ రావొచ్చు.

తప్పు మీది కాదు

ఒకప్పుడు దీనికి పెంపకమే కారణమనుకొని, చికిత్సలో తల్లిదండ్రులను దూరంగా ఉంచేవారు. లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రి వైద్యులు ఇందుకు భిన్నంగా వాళ్లనే చికిత్సలో భాగస్వాములను చేశారు. 19 ఏళ్లలోపు మొదలై, మూడేళ్లు దాటని జబ్బుకు కుటుంబ చికిత్స బాగా పనిచేస్తున్నట్టు 1987లో వారి అధ్యయనం తేల్చింది. అమెరికాలో 121 మంది పిల్లలపై చేసిన మరో అధ్యయనం 2010లో వెలువడింది. చికిత్స ముగిసిన ఏడాదికి కుటుంబ చికిత్స తీసుకున్నవారిలో 49 శాతం మంది పూర్తిగా కోలుకోగా, విడిగా కౌన్సెలింగ్ తీసుకున్నవారిలో 23 శాతం మందే కోలుకున్నారు.

ఆస్పత్రికి ఎప్పుడు?

మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కన్నా తగ్గటం, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోవటం, బరువు వేగంగా పడిపోవటం, నీళ్లు కూడా ముట్టకపోవటం, పదేపదే వాంతి చేసుకోవటం, చచ్చిపోతాననటం.. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. బాగా చిక్కిపోయిన పిల్లలకు ఇంట్లో ఒక్కసారిగా ఎక్కువ పెట్టొద్దు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే ఆస్పత్రిలో రక్త పరీక్షలు చేస్తూ, థయమిన్ ఇస్తూ, ఆహారం జాగ్రత్తగా పెంచుతాం.

మన ప్రభుత్వాసుపత్రుల్లో మంచం పక్కన అమ్మో నాన్నో ఎలాగూ ఉంటారు. క్యారేజీ తేవటంతోనే మీ పని అయిపోదు. నర్సు, డైటీషియన్ ఎంత పెడుతున్నారో, పిల్ల వద్దని మొరాయిస్తే ఏం చెబుతున్నారో చూసి నేర్చుకోండి. డిశ్చార్జికి ముందే కొన్ని పూటలు వారి ఎదుట మీరే తినిపించండి. ఇది నేర్చుకోకుండా వెళితే, వార్డులో పెరిగిన బరువు ఇంటికెళ్లాక తగ్గిపోవచ్చు.

ఇంట్లో మూడు దశలు

* మొదట ఏం తినాలి, ఎంత తినాలి, ఎప్పుడు తినాలి అన్నది పెద్దలే నిర్ణయించాలి. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడు సార్లు చిరుతిండి. తినేంతవరకు పక్కనే కూర్చోవాలి. వాంతి చేసుకునే అలవాటుంటే తిన్నాక గంటసేపు ఒంటరిగా వదలొద్దు. వ్యాయామం ఆపించాలి.
* బరువు పెరిగి, గొడవ లేకుండా తింటున్నప్పుడు ఆ బాధ్యతను కొద్దికొద్దిగా పిల్లలకే అప్పగించాలి.
* చివరగా చదువు, స్నేహాలు, వయసుకు తగ్గ స్వేచ్ఛపై దృష్టి పెట్టాలి.

సాధారణంగా ఇదంతా పూర్తవటానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది.

ఒకటే మాట

తిట్టటం, కొట్టటం, బతిమాలటం పనిచేయవు. ‘కష్టంగా ఉందని తెలుసు తల్లీ. కానీ ఇదే నీకు మందు. తినేదాకా నీ పక్కనే ఉంటా’ అని చెప్పండి. అమ్మ ‘తినాలి’ అంటుంటే నాన్నమ్మ ‘పోనీలే, ఈ పూటకు వదిలేయ్’ అంటే జబ్బుకే బలం. అందుకని ఇంట్లో పెద్దలంతా ముందే కూర్చొని మాట్లాడుకోండి. ‘బొద్దుగా అయ్యావే’ లాంటి మాటలు మెచ్చుకోలుగానైనా అనొద్దని చుట్టాలకు చెప్పండి. ఉపవాసాలు పూర్తిగా కోలుకునేదాకా వద్దు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు కాపలా పని పెట్టొద్దు. సరదాగా కబుర్లు చెబితే చాలు.

ఇంట్లో హింస, వేధింపులు ఉంటే ఈ పద్ధతి తగదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, వేరే మార్గం చూస్తారు.

ఎవరిని కలవాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఇది ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని మాత్రం ఆగొద్దు. ఎంత తొందరగా మొదలుపెడితే పిల్లలు కోలుకునే అవకాశం అంత ఎక్కువ.