అంతర్యామి (అన్నమయ్య సినిమా కీర్తన)

అంతర్యామి తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) రచించిన ఒక ఆధ్యాత్మ సంకీర్తన. 1997లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో విడుదలైన అన్నమయ్య చలనచిత్రపు పతాక సన్నివేశంలో సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి ఈ కీర్తనను సినిమాకు అనువుగా మలచి వాడాడు. నేడు ఈ కీర్తన పేరు చెప్పగానే చాలామంది తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది ఆ సన్నివేశమే. సంగీత కచేరీలలో, తిరుమల తిరుపతి దేవస్థానాల ప్రచారంలో అంతకు ముందే పేరున్న కీర్తన ఒక సినిమా ముగింపుకు ఎలా అమరింది, అందులో ఏది పాతది, ఏది కొత్తది అన్నది ఈ వ్యాస విషయం.

కీర్తన, కర్త

అన్నమాచార్యుని స్వగ్రామం తాళ్ళపాక కడప ప్రాంతంలో రాజంపేటకు సమీపాన ఉన్నది. వరి పండే కోస్తా మాగాణి కాదది. చెరువు నిండితే పంట, లేకుంటే లేదు అన్న నేల. సంప్రదాయ కథనం ప్రకారం అన్నమయ్య బాల్యంలోనే తిరుమలకు వెళ్ళాడు. పూర్వపు కర్నూలు జిల్లాలోని అహోబిలంలో ఆదివన్ శఠకోప యతి వద్ద వైష్ణవ సిద్ధాంతం అభ్యసించాడు. కడప పట్టణాన్ని ఆనుకొని ఉన్న దేవుని కడప వేంకటేశ్వరుని మీద, అహోబిల నృసింహుని మీద, ఒంటిమిట్ట రాముని మీద కూడా ఆయన కీర్తనలు ఉన్నాయి. అందుచేత అన్నమయ్యను తిరుమలకు మాత్రమే చెందిన కవిగా భావించడం సరికాదు. ఆయన పదాలలో తిరుగాడే ఊళ్ళు చాలావరకు రాయలసీమ ఊళ్ళే.

ఈ కీర్తన రూపం చాలా సంకీర్తనల వంటిదే: ఒక పల్లవి, మూడు చరణాలు. పల్లవిలో భక్తుడు తనలో ఉన్న దైవాన్ని పిలిచి, తాను అలసిపోయానని చెప్పి, శరణు కోరుతాడు. మొదటి చరణంలో కోరికలు కట్లు. పాపపుణ్యాలు బరువైన పగ్గాలు. వాటిని దేవుడే తెంచాలి, దేవుడే ఆపాలి. రెండవ చరణంలో జనుల సాంగత్యం అంటుకొన్న రోగమవుతుంది. మూడవ చరణం మనసులోని చింతలను, మలినాలను చెప్పి, చివరకు వేంకటేశ్వరుడు ఎదుటనే ఉన్నాడనీ, అదనుకు వచ్చి కాచాడనీ ముగుస్తుంది.

కట్లు, పగ్గాలు అన్న మాటలు శాస్త్రగ్రంథాల నుండి వచ్చినవి కావు; కాడి, ఎద్దు, పశువుల కొట్టం తెలిసినవాని నోట వచ్చే మాటలు. వేదాంత విషయాన్ని ఇటువంటి పలుకుబడితో చెప్పడం అన్నమయ్య పద్ధతి. అర్థ తాత్పర్యాలు అడగకుండానే పామర జనం ఈ కీర్తనను అందుకోవడానికి అదొక కారణం.

పైకి కనబడని మరొక విశేషం కూడా ఇందులో ఉన్నది. పల్లవిలో దైవం లోపల ఉన్నవాడు. చివరి చరణంలో ఆయన ఎదుట నిలిచినవాడు. పల్లవిలో రక్షణ ఇంకా కోరిక. చివరి చరణంలో అది జరిగిపోయిన పని. మూడు చరణాల చిన్న పాటలో ఒక కథంత కదలిక ఉన్నది. సినిమా ముగింపుకు ఈ కీర్తనను ఎన్నుకోవడానికి దీనికి మించిన కారణం వెతకనక్కరలేదు.

రాగిరేకులు

అన్నమయ్య 32,000 సంకీర్తనలు రచించినట్లు ప్రతీతి. ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యుడు వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరచాడు. సుమారు నాలుగు శతాబ్దాలు ఆ రేకులు లోకానికి తెలియకుండా ఉండిపోయాయి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కృషితో అవి వెలుగు చూశాయి. తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని పరిష్కరించారు. రెండు వేలకు పైబడిన రేకులలో లభించినవి సుమారు 12,000 నుండి 14,000 కీర్తనలు.

ప్రతి కీర్తనకు పైన రాగం పేరు చెక్కబడి ఉన్నది. అయితే స్వరాలు లేవు. కాబట్టి అన్నమయ్య తన కీర్తనను ఏ వరుసలో పాడాడో రేకుల ఆధారంగా తెలుసుకోవడం సాధ్యం కాదు. రేకులలోని రాగాలలో శ్రీరాగం, ముఖారి, బౌళి వంటివి నేటికీ వాడుకలో ఉన్నాయి. ఆబాలి, అమరసింధు, కొండమలహరి వంటివి పేర్లుగానే మిగిలాయి. వాడుకలో ఉన్న రాగాల స్వరూపం కూడా ఐదు వందల ఏళ్ళలో మారకుండా ఉన్నదని చెప్పలేము.

త్యాగరాజ కృతుల పరిస్థితి ఇందుకు భిన్నమైనది. అక్కడ శిష్యులు, ప్రశిష్యుల ద్వారా పాట నోటి నుండి నోటికి దిగివచ్చింది. పాఠాంతరాలు ఉన్నా పరంపర తెగలేదు. అన్నమయ్య విషయంలో మాటలు దక్కాయి, పాట దక్కలేదు. అనంతపురం జిల్లా రాళ్ళపల్లి గ్రామానికి చెందిన అనంతకృష్ణశర్మ (1893–1979) నూటికి పైగా కీర్తనలకు స్వరరచన చేసి ఈ లోటు పూడ్చడానికి పూనుకొన్నాడు. ఆ తరువాత నేదునూరి కృష్ణమూర్తి (1927–2014), గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ (1948–2025) మొదలైనవారు వందలాది కీర్తనలకు బాణీలు కట్టారు. 1978లో దేవస్థానం ప్రారంభించిన అన్నమాచార్య ప్రాజెక్టు ఈ పనికి ఊతమిచ్చింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానంతో దేశమంతా వ్యాపించిన "నానాటి బతుకు" రేవతి రాగంలోని బాణీ నేదునూరి కూర్చినదే. అది 15వ శతాబ్దపు బాణీ కాదు.

అంతర్యామి కీర్తనకు ప్రచారంలో ఉన్న శివరంజని బాణీ కూడా ఇటువంటి ఆధునిక రచనే. శివరంజని ఐదు స్వరాల రాగం: షడ్జం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం. ఇందులో సాధారణ గాంధారాన్ని తీసి అంతర గాంధారం ఉంచితే అది మోహన అవుతుంది. ఒక్క స్వరం కొద్దిగా కిందికి దిగినంతనే మోహనలోని ఉల్లాసం పోయి దైన్యం వస్తుంది. హార్మోనియం మీద ఒక్క మెట్టు మార్చి చూసినవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. అలసటను చెప్పే పాటకు ఈ రాగం కుదరడంలో ఆశ్చర్యం లేదు.

చలనచిత్రంలో

అన్నమయ్య చిత్రానికి రచయిత జె.కె. భారవి, నిర్మాత వి. దొరస్వామిరాజు. అన్నమయ్యగా నాగార్జున, వేంకటేశ్వరునిగా సుమన్, సాళువ నరసింహరాయలుగా మోహన్ బాబు నటించారు. పాటలలో అన్నమయ్య కీర్తనలతో పాటు వేటూరి సుందరరామమూర్తి తదితరులు రాసినవి కూడా ఉన్నాయి. ఈ చిత్రానికి గాను కీరవాణికి 1997 సంవత్సరపు ఉత్తమ సంగీత దర్శకుని జాతీయ పురస్కారం లభించింది.

ముగింపు సన్నివేశంలో వృద్ధుడైన అన్నమయ్య ఎదుట వేంకటేశ్వరుడు ప్రత్యక్షమవుతాడు. పాట సాగి, భక్తుని తేజస్సు దేవునిలో కలిసిపోతుంది. కీర్తనలో లోపలి దేవుడు ఎదుటికి రావడం మాటల్లోనే జరుగుతుంది. చిత్రంలో ప్రేక్షకుడు దానిని కళ్ళతో చూస్తాడు.

ఇక్కడ సంగీత దర్శకుని ముందున్న చిక్కు గుర్తించదగినది. కచేరీలో కీర్తన వృత్తాకారంలో నడుస్తుంది. ప్రతి చరణం తరువాత పల్లవికి తిరిగి వస్తుంది. గాయకుడు సంగతులు వేస్తూ ఒకే పాదాన్ని ఎన్నోసార్లు పాడుతాడు. శ్రోతకు తొందర లేదు. సినిమా ముగింపు అలా తిరగడానికి వీలులేదు. అది ముందుకే సాగి ఒకచోట ఆగాలి. ఇంకా ఆ సన్నివేశంలో భక్తునికి, భగవంతునికి మధ్య మాటలు కూడా ఉన్నాయి. కీరవాణి శివరంజని ఛాయను విడువలేదు. కచేరీ విస్తరణను తగ్గించి, తంబుర, మృదంగాలకు పరిమితమైన వాద్య సహకారం స్థానంలో పెద్ద వాద్యబృందాన్ని చేర్చాడు. పాటను పాండిత్య ప్రదర్శనగా కాక, చివరి ఊపిరుల్లో ఉన్న మనిషి విన్నపంగా వినిపించాడు. మాటలను మార్చే జోలికి మాత్రం పోలేదు.

పాడినది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఎస్.పి. శైలజ గొంతు కూడా వినబడుతుంది. చాలామంది గమనించని విషయం మరొకటి ఉన్నది. ఈ చిత్రంలో సుమన్ ధరించిన వేంకటేశ్వర పాత్రకు సంభాషణలు చెప్పినది కూడా బాలసుబ్రహ్మణ్యమే. అందుకు ఆయనకు నంది పురస్కారం లభించింది. అనగా పతాక సన్నివేశంలో వేడుకొనే పాట, బదులు పలికే మాట రెండూ ఒకే కంఠం నుండి వచ్చినవి. లోపల ఉన్నవాడే ఎదుట ఉన్నవాడు అన్న కీర్తనార్థానికి ఇంతకంటే తగిన ఏర్పాటు ఊహించడం కష్టం. అది కావాలని చేసినదైనా, కాకతాళీయమైనా ఫలితం ఒకటే.

చరిత్ర, కల్పన

అన్నమయ్య నిర్యాణం గురించి రాగిరేకు చెప్పేది స్వల్పం. క్రోధి సంవత్సరంలో (1424) పదహారవ ఏట ఆయనకు తిరువేంగళనాథుడు ప్రత్యక్షమయ్యాడనీ, నాటి నుండి దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి (1503) వరకు సంకీర్తనలు రచించాడనీ అందులో ఉన్నది. ఆ చివరి తిథినే వర్ధంతిగా పాటిస్తున్నారు. గర్భాలయంలో జ్యోతిగా లీనమవడం గానీ, అంతర్యామిని చివరి కీర్తనగా పాడడం గానీ రేకులో లేదు; అవి చిత్ర రచయిత, దర్శకుల కల్పనలు. విద్యార్థులు ఈ తేడాను గుర్తుంచుకోవలసి ఉన్నది. సినిమా చూసి ఆ కీర్తనను అన్నమయ్య చివరి రచనగా రాయడం తరచుగా జరిగే పొరపాటు. సాళువ నరసింహుడు అన్నమయ్యను సంకెళ్ళలో పెట్టించిన కథకు మాత్రం మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము ఆధారంగా ఉన్నది.

ఇతర ఉదాహరణలు

శాస్త్రీయ రచనను సినిమా కీలక ఘట్టానికి మలచడం ఇతర దేశాలలోనూ ఉన్నది. ఇటలీ సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోన్ ఇందుకు పేరు పొందాడు. ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్ (1965) అనే కౌబాయ్ చిత్రంలో చర్చిలో జరిగే తుపాకుల పోరుకు బాహ్ రచించిన డి మైనర్ టొకాటా ప్రారంభాన్ని ఆర్గాన్ మీద వినిపించాడు. మరుసటి ఏడు వచ్చిన ది బిగ్ గన్‌డౌన్ చిత్రంలో బీథోవెన్ పియానో రచన ఫ్యూర్ ఎలిజెను వాడాడు. అక్కడ మూలరచన ప్రతి స్వరం కాగితం మీద ఉన్నది. శ్రోతకు తెలిసిన దానిని విరిచి, అనుకోని చోట పెట్టడంలోనే దాని బలం ఉన్నది. పియానో నేర్చుకొనే పిల్లలు వాయించే పాట చావుకు ముందు వినబడితే కలిగే జలదరింపు అది.

దక్షిణ భారతంలో ఇటువంటి మార్పు వివాదానికి దారితీసిన సందర్భం తమిళ చిత్రం సింధుభైరవి (1985). కాంభోజి రాగంలో ప్రసిద్ధమైన త్యాగరాజ కృతి "మరి మరి నిన్నే"ను ఇళయరాజా సారమతిలో స్వరపరచాడు. త్యాగరాజు నుండి పరంపరగా వచ్చిన బాణీ ఉన్నందున ఆ మార్పు కొందరు విద్వాంసులకు రుచించలేదు.

అంతర్యామి విషయంలో అటువంటి ఆక్షేపణకు ఆధారం తక్కువ. సినిమా బాణీ వలన అసలు బాణీ చెడిందనడానికి అసలు బాణీ అన్నది రేకులలో లేదు. దేవస్థానం గాయకుల బాణీ, సినిమా బాణీ రెండూ ఒకే ఖాళీని పూరించే ప్రయత్నాలే. వయసులో తేడా కొన్ని దశాబ్దాలు మాత్రమే. అయినా ఒక ఇబ్బంది లేకపోలేదు. సినిమా పాట బలంగా నాటుకొన్నందున కొత్తగా ఈ కీర్తనకు మరొక రాగంలో బాణీ కట్టేవారికి శ్రోతలు దొరకడం కష్టమైంది. పాఠశాలల పోటీలలో పిల్లలు పాడేది చాలావరకు సినిమా వరుసే. లభించిన వేలాది కీర్తనలలో ఇంకా ఏ బాణీ లేనివి, ఒక్కసారైనా వేదికపై వినబడనివి నేటికీ పెద్ద సంఖ్యలో ఉన్నాయి.