నెల తక్కువ బిడ్డ

పాఠము అప్పగింపలేని పిల్లవానిని "నెల తక్కువ వెధవా!" అని కసరుట మన బడులలో వింత కాదు. తిట్టిన వారికి గాని, తిట్టు తిన్న వానికి గాని దాని అర్థము తలపునకు రాదు. అయితే ఆ తరగతిలోనే నిజముగా నెలలు నిండక పుట్టిన బిడ్డ ఒకడు కూర్చుండి యుండవచ్చును. వానికి తక్కువైనదేమో ఎన్నడైన విచారించితిమా?

గర్భవాసము రమారమి నలుబది వారములు. 37 వారములు నిండకముందే కలిగిన కాన్పు అకాల ప్రసవము. పుట్టినపుడు 1500 గ్రాములకు లోబడిన బిడ్డను మిక్కిలి తక్కువ బరువు గల శిశువని వైద్యులందురు. కడపటి మూడు మాసములలోనే మెదడుపై ముడుతలు చాలవరకు ఏర్పడును. చర్మము క్రింద క్రొవ్వు చేరును. ఊపిరితిత్తులు గాలి పీల్చుటకు సిద్ధపడును. ఈ పనులు సగములో నుండగనే ఆ బిడ్డ వెలుతురున పడును. పాలు చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట అను మూడింటిని పొందుపరచుకొను నేర్పు 34వ వారము ప్రాంతమున గాని అలవడదు. అందుచేత గొట్టముతో పాలు పట్టవలసి వచ్చును.

గట్టిగా ఏడ్చుటకు బలము చాలకున్నను ఆ శిశువు మూగది కాదు. వెలుతురు, చప్పుడు మిక్కుటమైనచో మొగము త్రిప్పుకొనును, వ్రేళ్లు చాచును, ఆవులించును, వెక్కిళ్లు పెట్టును. "ఇక చాలు" అనుటకు దానికున్న భాష అదియే.

కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో ఇంక్యుబేటరు పెట్టెలు చాలకపోగా, ఎడ్గార్ రే సనాబ్రియా అను వైద్యుడు ఇట్టి బిడ్డలను తల్లి ఱొమ్మునకు మేనికి మేను తగులునట్లు కట్టి యుంచు పద్ధతి నారంభించెను. అదియే కంగారూ సంరక్షణ. 1993–96 నడుమ అచ్చటి వైద్యులు కొందరు శిశువులను ఈ విధముగను, కొందరిని పాత విధముగను పెంచి, ఇరువది యేండ్ల పిమ్మట వారిని మరల పరీక్షించిరి. తల్లి యెదపై పెరిగిన వారిలో బడి మానుట తక్కువ. నిలుకడలేమి, దూకుడు తక్కువ.

ఇట్టి పిల్లలలో పలువురు తోడివారితో సమానముగనే చదువుకొందురు. కొందరికి మాత్రము లెక్కలు, చేతివ్రాత, నిలుకడగా వినుట కష్టమగును. చూపునో, వినికిడినో లోపముండవచ్చును. అది సోమరితనము కాదు. రెండేండ్లు వచ్చువరకు వైద్యులు వారి వయస్సును పుట్టిన దినము నుండి గాక, పుట్టవలసిన దినము నుండి లెక్కింతురు. బడి పట్టీలో ఆ లెక్క కనబడదు. మూడు నెలలు ముందుగా పుట్టినవాడు ఒక్కొక్కప్పుడు ఒక తరగతి ముందుగనే మన యెదుటికి వచ్చును.

ముందు బల్లపై చోటు, ఒకమారు ఒక పనియే చెప్పుట, వ్రాతకు మరికొంత వ్యవధి. వీనికి వ్యయమేమియు లేదు. ఆ తిట్టు మరల నోటికి వచ్చినపుడు ఒక్క క్షణమాగి, ఆ పిల్లవాని తల్లిని పిలిపించి, వాడు ఎన్నవ నెలలో పుట్టెనో అడుగుడు.