ఊపిరి చెప్పే లెక్క

వేకువజామున కోసిగి దారులలో నడిచేవారికి, పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమయ్యే యువకులు పరుగెత్తుతూ ఎదురవుతారు. పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 8 నిమిషాలలో ముగించాలన్నది నియమం. అంటే 400 మీటర్ల చుట్టుకు రెండు నిమిషాలు. ఈ లెక్క అందరికీ కంఠస్థమే. అందుచేత ప్రతిదినమూ అదే దూరాన్ని అదే వేగంతో, గడియారం చూసుకుంటూ పరుగెత్తుతున్నారు. గత వేసవిలో మా విద్యార్థి ఒకడు మూడవ చుట్టులోనే కూలబడి వాంతి చేసుకున్నాడు. "పోయిన నెల ఇదే వేగంతో పరుగెత్తాను గదా సార్, ఈ రోజెందుకు చేతకాలేదు?" అని అడిగాడు. తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు వెంటనే సమాధానం తోచలేదు. తర్వాత వెదకి చదివి తెలుసుకున్న సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాము.

గడియారం వేగాన్ని కొలుస్తుంది. ఆ వేగానికి శరీరం చెల్లించే మూల్యాన్ని కొలవదు. మన ప్రాంతపు ఎండలో గుండె రెండు పనులు చేయవలసి వస్తుంది. కండరాలకు రక్తం పంపాలి, దేహం చల్లబడటానికి చర్మానికీ పంపాలి. చెమటతో నీరు తగ్గేకొద్దీ గుండె మరింత త్వరగా కొట్టుకోవాలి. పుష్యమాసపు చలిలో తేలికగా సాగిన పరుగే వైశాఖంలో ప్రాణం మీదికి తెస్తుంది. ఈ భేదం పరుగెత్తేవానికి తెలుస్తూనే ఉంటుంది. అయితే ఆ తెలియడాన్ని లెక్కగా మార్చడం ఎలా?

స్వీడన్ దేశపు మనస్తత్వశాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ ఆ పని చేశారు. శ్రమ ఎంతగా అనిపిస్తున్నదో చెప్పడానికి ఆయన 6 నుండి 20 వరకు అంకెలు గల ఒక కొలబద్దను రూపొందించారు. 6 అంటే ఏ శ్రమా లేదు; 11 తేలిక; 13 కొంచెం కష్టం; 15 కష్టం; 17 చాలా కష్టం; 20 అంటే ఇక శక్తి లేదు. ఒకటితో గాక ఆరుతో మొదలుపెట్టడం వింతగా తోస్తుంది. ఆరోగ్యవంతుడైన యువకుని విషయంలో ఆ అంకెను పదితో హెచ్చిస్తే నిమిషానికి గుండె కొట్టుకొనే సంఖ్య సుమారుగా వస్తుందన్నది అందులోని కిటుకు. 13 అంటే దాదాపు 130 అన్నమాట.

ఈ కొలబద్ద మీద రెండు గడపలున్నాయి. (కడప పట్టణానికి ఆ పేరు గడప నుండే వచ్చిందని చెప్పుకోవడం మన పాఠకులకు తెలిసినదే.) మొదటి గడపకు లోపల కండరాలలో పుట్టే లాక్టేటు ఎప్పటికప్పుడు ఖర్చవుతూ ఉంటుంది, శ్వాస నెమ్మదిగా సాగుతుంది. గడప దాటగానే రక్తంలో లాక్టేటు పెరుగుతుంది. దానితోబాటు వచ్చే ఆమ్లత్వాన్ని రక్తంలోని బైకార్బొనేటు విరిచివేస్తుంది. ఆ క్రమంలో బొగ్గుపులుసు వాయువు అదనంగా పుడుతుంది. దానిని వెలుపలికి పంపడానికే మనం రొప్పుతాము. రెండవ గడప దాటితే ఈ సర్దుబాటు చాలదు. అప్పుడు పరుగు కొన్ని నిమిషాల ముచ్చటే. ఉర్దూలో 'దమ్ ఫూల్నా' అనేది ఈ స్థితినే. మన తెలుగువారి 'దమ్ము' కూడా ఆ మాటే గదా!

ప్రయోగశాలలో ఈ గడపలను రక్తం తీసి, శ్వాసను యంత్రాలతో కొలిచి నిర్ణయిస్తారు. ఆ సాధనాలు లేనిచోట మాటయే కొలత. పరుగెత్తుతూ ఒక వేమన పద్యం చెప్పుకోవాలి. ఉర్దూ విద్యార్థులకు ఒక షేర్ చాలు. పాదాలు తడబడకుండా హాయిగా సాగితే మొదటి గడపకు లోపలే ఉన్నాము. పాదం మధ్యలో ఊపిరి కోసం ఆగవలసివస్తే దాటాము. రెండు మాటలైనా పెగలకపోతే రెండవది కూడా దాటినట్లే. పద్యాలు కంఠస్థం చేయించినందుకు విద్యార్థులు మమ్ము క్షమించే సందర్భం ఇదొక్కటేనేమో!

నాడిని లెక్కించరాదా అనవచ్చు. 220 నుండి వయస్సు తీసివేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందనే సూత్రం ప్రసిద్ధమే. కాని మనిషికీ మనిషికీ అది పది, పన్నెండు తేడా రావచ్చు. రక్తపోటుకు వాడే కొన్ని మందులు గుండె వేగాన్ని అణచివేస్తాయి. సాయంకాలపు నడకకు వెళ్ళే మా కమిటీ పెద్దలలో అటువంటి మందులు వాడేవారికి, నాడి కంటే శ్రమ అనుభవమే నమ్మదగినది. ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం మాత్రం ఏ అంకెకూ చెందవు. వెంటనే ఆగి వైద్యుని చూడవలసిందే.

దూరపు పరుగులలో ఆరితేరినవారు తమ అభ్యాసంలో అధికభాగం మొదటి గడపకు లోపలే చేస్తారు. గట్టి పరుగు వారానికి ఒకటి రెండు దినాలే. మన యువకులు దీనికి విరుద్ధంగా ప్రతి ఉదయమూ పరీక్షనే వ్రాస్తున్నారు. రోజా దినాలలో, దాహం తీర్చుకొనే వీలు లేనప్పుడు, 11 దాటకుండా ఉండటం మేలని మా అభిప్రాయం. గట్టి పరుగును ఇఫ్తార్ తరువాతకు వాయిదా వేయవచ్చు.

ఆ విద్యార్థి ఇప్పుడు వారంలో నాలుగు దినాలు గడియారం ఇంటివద్దనే వదలి వస్తున్నాడు. మూడవ పాదం దగ్గర గొంతు తెగితే వేగం తగ్గించి, పద్యాన్ని మళ్ళీ మొదటి నుండి అందుకుంటున్నాడు.