కెర్నెల్ కంపైల్: వై, ఎం, ఎన్

1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌ను మీలో కొందరు వాడుతూనే ఉంటారు. దాని గుండెకాయ కెర్నెల్. దాన్ని మీ యంత్రానికి తగినట్టు మీరే కంపైల్ చేసుకోవచ్చు. చిక్కంతా అంతకుముందు అడిగే ప్రశ్నల దగ్గరే.

చాలా అంశాలకు వై, ఎం, ఎన్ అని మూడు జవాబులు. వై అంటే ఆ భాగం కెర్నెల్‌లోనే కలిసిపోతుంది. ఎం అంటే మాడ్యూల్‌గా డిస్కులో విడిగా ఉండి, అవసరమైనప్పుడు వస్తుంది. ఎన్ అంటే అసలు ఉండదు. కెర్నెల్ చిన్నదిగా ఉండాలని కొందరు డిస్కు డ్రైవరుకూ, ఫైల్ సిస్టమ్‌కూ కూడా ఎం పెడతారు. ఆలోచించండి: డిస్కును చదివే డ్రైవరు ఆ డిస్కులోనే ఉంటే, దాన్ని బయటికి తెచ్చేదెవరు? మన వైపు మాటలో చెప్పాలంటే, బీగంచెవిని పెట్టెలోనే ఉంచి బీగం వేసినట్టు. యంత్రం 'కెర్నెల్ పానిక్' అని ఆగిపోతుంది. ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న మూటలో ఆ మాడ్యూళ్లు ఉండి, బూట్ లోడరు దాన్ని ముందే మెమరీలోకి తెస్తే ఫరవాలేదు. అది లేదంటే ఆ రెండింటికీ వై తప్పదు.

లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అని ఒక దగ్గరదారి ఉంది. అప్పటికి మెమరీలో ఉన్న మాడ్యూళ్లనే ఉంచి మిగతావి తీసేస్తుంది. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ ఆ వేళ పెన్ డ్రైవు పెట్టలేదనుకోండి, దాని మాడ్యూలూ పోవచ్చు. అన్నీ తగిలించాకే ఆ ఆజ్ఞ ఇవ్వండి.

ఉబుంటు కాన్ఫిగ్ ఫైలును తెచ్చుకునేవారికి ఇంకొక మాట. అందులో 'ట్రస్టెడ్ కీస్' దగ్గర ఒక సర్టిఫికెట్ ఫైలు పేరుంటుంది. మామూలు మూలపాఠంలో ఆ ఫైలు ఉండదు గనుక కంపైల్ మధ్యలో ఆగుతుంది. ఆ పేరు చెరిపి ఖాళీగా వదలండి.

పాత కెర్నెల్‌ను మాత్రం బూట్ మెనూలోంచి అప్పుడే తీసేయకండి.