మళ్లీ ‘స’ దగ్గర్నుంచి...

పేరున్న విద్వాంసుడు మళ్లీ శిష్యుడై కూర్చోవడం తేలికా? కరవది సన్నాయి ఆ పని చేసింది. పురస్కారాలూ, జీవోలూ వార్తల్లోకెక్కినప్పుడల్లా ఆ కథ గుర్తుచేసుకోవాల్సిందే!

2020 జనవరిలో పద్మ పురస్కారాల జాబితా వచ్చింది. అందులో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్... నాదస్వర దంపతులు. ఇద్దరికీ కలిపి పద్మశ్రీ. ‘మన ప్రకాశం జిల్లా వాళ్లే’ అని మురిసిపోతూ జాబితా చూస్తే, వాళ్ల పేర్ల పక్కన రాష్ట్రం తమిళనాడు అని ఉంది. ఉండేది శ్రీరంగంలో కాబట్టి సర్కారు లెక్క సర్కారుది.

రెండేళ్లు తిరిగేసరికి మరో వార్త. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు వచ్చాయి. నిన్నటిదాకా గుంటూరు జిల్లా అని రాసుకున్న చిలకలూరిపేట తెల్లారేసరికి పల్నాడు జిల్లా అయింది. అంతకుముందూ ఇంతే. ఒంగోలు పక్కనున్న కరవది ఒకప్పుడు గుంటూరు జిల్లాలోదే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుట్టాక ఆ ఊరి చిరునామా మారింది.

ఒక్క జీవోతో జిల్లా మారుతుంది. మరి సన్నాయి బాణీ? అది మారాలంటే ఎవరు ఉత్తర్వు ఇవ్వాలి? ఈ ప్రశ్నకు జవాబు కరవదిలోనే ఉంది.

కరవది నుంచి కావేరి దాకా...

షేక్ చినమౌలానా 1924లో కరవదిలో పుట్టారు. తరతరాలుగా గుడి ముంగిట సన్నాయి ఊదిన ముస్లిం కుటుంబం. తండ్రి ఖాసిం సాహెబ్ దగ్గర అక్షరాభ్యాసం. తర్వాత చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం. పత్తి, మిరప, పొగాకు పండే ఈ మెట్ట ఊళ్లలో చిలకలూరిపేట సన్నాయి అంటే ఒక గౌరవం. ఆ గౌరవంతోనే పెళ్లిళ్లకూ ఉత్సవాలకూ వాయించుకుంటూ హాయిగా బతికేయొచ్చు.

కానీ తంజావూరు నాదస్వర చక్రవర్తి టి.ఎన్. రాజరత్నం పిళ్లై వాదన ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. తొందరపడకుండా, గంటల తరబడి రాగాన్ని పరిచే ఆ ఆలాపన తన చేతికీ రావాలనుకున్నారు. అప్పటికే తనకంటూ ఒక బాణీ ఉంది. అయినా నాచ్చియార్‌కోయిల్ వెళ్లి రాజం, దురైకన్ను సోదరుల ముందు శిష్యుడై కూర్చున్నారు. భాష వేరు, ఊరు వేరు, వాయించే తీరూ వేరే. వెళ్లమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఆయన చెవి చెప్పింది... వెళ్లారు. 1960ల్లో శ్రీరంగంలోనే స్థిరపడ్డారు.

వేళ్లు మాట వినవు!

మొదటిసారి నేర్చుకోవడం కంటే రెండోసారి నేర్చుకోవడం ఎందుకు కష్టమో సన్నాయిని చూస్తే తెలుస్తుంది. వేళ్లతో మూసే రంధ్రాలు ఏడే. గమకమంతా వేలు ఎంత మూసింది, ఊపిరి ఎంత వదిలింది అన్న లెక్క మీదే నడుస్తుంది. ఏళ్ల సాధనతో ఆ లెక్క ఒంటికి పట్టేశాక వేళ్లు వాటంతటవే పరిగెడతాయి. బాణీ మార్చుకోవడమంటే ఆ పరుగును ఆపి, మళ్లీ నడక నేర్పడం.

చిన్నప్పుడు నాలుగేళ్లు నేర్చుకుని అటకెక్కించిన వయొలిన్‌ని ముప్ఫై దాటాక కిందికి దించినప్పుడు, ఇందులో పిసరంత నాకూ అనుభవంలోకి వచ్చింది. వర్ణం వాయిద్దామని ఉబలాటం. మాస్టారు ఒప్పుకోలేదు. పదిహేను రోజులు ఒక్క షడ్జమమే! కమాను నిలకడగా లాగడం, వినడం... అంతే.

పగలంతా నేను రాసేవి ‘అధికారులు తెలిపారు’, ‘మంత్రి స్పష్టం చేశారు’ లాంటి వాక్యాలు. చదివేవాళ్లకు అవి నిజమో కాదో అక్కడికక్కడ తేల్చుకునే వీలుండదు. అన్నది పెద్దవాళ్లు కాబట్టి నమ్మాలి, లేదా విసుక్కుని పేజీ తిప్పేయాలి. మాస్టారి పెద్దరికం అలాంటిది కాదు. ఆయన ‘తప్పు’ అన్న మరుక్షణం తీగ కూడా అదే చెబుతుంది. మొదట ఆయనకు మాత్రమే వినిపించే తేడా కొన్నాళ్లకు నాకూ వినిపిస్తుంది. అప్పుడిక ఆయన చెప్పక్కర్లేదు.

మన రైతులకిది కొత్తేం కాదు. కల్లంలో గుప్పెడు మిరపకాయలు తీసుకుని ఊపితే, లోపల గింజల చప్పుడుని బట్టి ఎంత ఎండాయో చెప్పేస్తారు. గుంటూరు యార్డులో ఆ రోజు ధర ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు. ఆ చప్పుడు తెలిసిన చెవి మాత్రం నాన్న నేర్పింది, తనది.

బిరుదు తర్వాత... సాధన ముందు

చినమౌలానాకు 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. ఇవన్నీ వార్తలయ్యాయి. నాచ్చియార్‌కోయిల్‌లో కూర్చుని పాత వేళ్లకు కొత్త నడక నేర్పిన రోజులు ఏ పత్రికలోనూ పతాక శీర్షిక అయి ఉండవు. బిరుదులకు విత్తనం పడింది మాత్రం అక్కడే.

ఆయన శ్రీరంగంలో పెట్టిన శారదా నాదస్వర సంగీత ఆశ్రమంలోనే సుభానీ, కాలీషాబీ రాటుదేలారు. మగవాళ్లదే అనుకునే వాద్యాన్ని కాలీషాబీ భర్తతో సమానంగా పట్టుకున్నారు. ఆయన మనవలు ఖాసిం, బాబు కూడా ఆ దారినే నడిచారు. విద్య శ్రీరంగంలో వేళ్లూనుకుంది. బాగానే ఉంది... మరి మొక్క మొలిచిన చోట?

మిర్చి అమ్మిన డబ్బు చేతికొచ్చాక మన ఊళ్లలో పెళ్లిళ్లు మొదలవుతాయి. ఊరేగింపు ముందు డీజే పెట్టెలు గుండెలదిరేలా మోగుతుంటాయి. తాళికట్టు వేళ గట్టిమేళానికి మాత్రం సన్నాయి కావాలి. ఆ రెండు నిమిషాల కోసం ఒక పిల్లాడు పదేళ్లు సాధన చేయాలి. ముహూర్తాలున్న నెలల్లోనే సంపాదన. ఆ లెక్క చూసుకుని కొడుకుని కంప్యూటర్ కోర్సులో చేర్పించిన సన్నాయి విద్వాంసుణ్ని ఏమని తప్పుపడతాం?

పురస్కారం ప్రభుత్వం ఇవ్వగలదు. జిల్లా పేరూ మార్చగలదు. వినే చెవిని మాత్రం మనమే తయారుచేసుకోవాలి. అందుకే, ఈసారి పెళ్లికెళ్తే భోజనాల పిలుపు వచ్చేలోపు మేళం పక్కన ఓ కుర్చీ లాక్కోండి. వాయిస్తున్నది ఏ రాగమని అడగండి, ఇంకాస్త వాయించమనండి. పక్కన పిల్లలుంటే వాళ్లనీ కూర్చోబెట్టుకోండి. రేపు వాళ్లలో ఒకరు సన్నాయి పట్టకపోవచ్చు. సన్నాయి పట్టిన పిల్లాడికి వినేవాళ్లు మాత్రం మిగులుతారు!